కొడుకును చూపించకపోతే మనోవర్తి ఆపేయొచ్చా?

రేణిగుంట జంక్షన్:
తిరుపతి, చిత్తూరు కోర్టుల కాడ ఎప్పుడూ నలిగే పంచాయితీనే ఇది. తండ్రి రేణిగుంటలో, తల్లీ ఆరేళ్ల కొడుకూ పలమనేరులో అనుకోండి. పిల్లోడి పోషణకు మనోవర్తి కింద నెలకు 8,000 రూపాయలు కట్టాలని కోర్టు ఉత్తర్వు. రెండో శనివారం తండ్రికి చూపించాలని ఇంకో ఉత్తర్వు. ఆమె చూపించదు. అట్లాంటప్పుడు డబ్బు ఆపితే తప్పేంది?

ఎంసీ కట్ట:
తప్పే సామీ. ఆ 8,000 పిల్లోడిది, ఆమెది కాదు. మనోవర్తి ఇప్పించే పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 సెక్షన్ 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 అయింది గానీ లోపలి సంగతి మారలే. బకాయి రాబట్టమని వారెంట్ పిటిషన్ పడితే కోర్టు అడిగేది ఒకటే: కట్టకపోవడానికి తగిన కారణం ఉందా? 'చూపించలేదు' అన్నది అక్కడ నిలబడటం కష్టం. ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు పడొచ్చు. జైల్లో ఉండి వచ్చినా బకాయి తీరదు, 1989లో కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

రేణిగుంట జంక్షన్:
అంటే తండ్రి ఏటీఎమ్మా? తల్లికీ జీతం ఉంటే?

ఎంసీ కట్ట:
ఉంటే లెక్కలోకి వస్తుంది. 2020 నాటి రజ్నేష్ వర్సెస్ నేహా సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ వేయాల. ఆమె బాగానే సంపాదిస్తుంటే పిల్లోడి ఖర్చు దామాషాలో పంచొచ్చు. అయితే కారు ఈఎంఐ, పర్సనల్ లోను చూపించి జీతం తగ్గించుకుందామంటే కుదరదు. ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలే తీసేస్తారు. ఇంకోటి, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. 2024 జనవరిలో వేస్తే, 2026 జనవరిలో ఉత్తర్వు వచ్చేసరికి 24 నెలలకు 1,92,000 ఒక్కసారిగా మీద పడతాది. మధ్యంతరంగా కట్టింది ఉంటే తగ్గుతుంది.

కట్టేది ఖాతాకే పంపండి, 'ఫలానా నెల మనోవర్తి' అని రాసి. చేతికి నోట్లిచ్చి, కాణిపాకంలో ప్రమాణం చేస్తానంటే కోర్టు వినదు. స్కూలు ఫీజు నేరుగా కట్టి మనోవర్తిలో తగ్గించుకోవడమూ ఉత్తర్వులో ఉంటేనే.

పలమనేరు టమోటా:
ఆడోళ్ల వైపు నుంచి ఒక మాట. బకాయి పడిన ఏడాదిలోపు వారెంట్ పిటిషన్ వేయాల. 20 నెలలు ఊరుకుంటే ఈ దారిలో వెనకటి 12 నెలలకే దిక్కు. లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోను 15100.

ఇంక చూపించకపోవడం. అన్నా, అదీ తప్పే. ఒప్పుకుంటా.

రేణిగుంట జంక్షన్:
ఒప్పుకుంటే సరిపోతుందా అక్కా? డబ్బు ఎగ్గొడితే వారెంట్. పిల్లోణ్ణి దాస్తే? మళ్ళీ ఇంకో వాయిదా! ఈ తేడా ఎవరూ మాట్లాడరు.

ఎంసీ కట్ట:
ఆ తేడా నిజమే, అన్యాయమే. అందుకని ఆపాల్సింది డబ్బు కాదు, కూడబెట్టాల్సింది సాక్ష్యం. శుక్రవారం సాయంత్రం 'రేపు 10కి వస్తా' అని మెసేజ్ పెట్టండి. వెళ్లండి, బస్సు టికెట్ దాచుకోండి. తలుపు తీయకపోతే అక్కడి నుంచే 'వచ్చాను, గడియ వేసి ఉంది' అని ఇంకో మెసేజ్. మూడు నాలుగు నెలలవి పోగేసి, ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే అమలుకు పిటిషన్ వేయండి. తల్లి మాటిమాటికీ అడ్డుపడుతుంటే కస్టడీ షరతులు మార్చే అధికారం కోర్టుకు ఉంది. అసలు చూపు ఉత్తర్వే లేనోళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వెళ్తే, పిల్లోడు మామూలుగా ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే వేయాల. పలమనేరు పిల్లోడికి తిరుపతిలో వేస్తే అధికార పరిధి కాడే చిక్కొస్తాది.

పలమనేరు టమోటా:
ఉత్తర్వు రాయించుకునేటప్పుడే జాగ్రత్త పడాల. 'నెలకు రెండుసార్లు చూడవచ్చు' అని వదిలేస్తే అమలు చేయించడానికి ఏం మిగలదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు తెచ్చి ఎవరు దింపాలి, పండగ సెలవుల్లో ఎట్లా, పిల్లోడికి జ్వరమొస్తే ఆ రోజుకు బదులు ఏ రోజు, అన్నీ రాయించండి.