రుణం–జీడీపీ నిష్పత్తి లెక్క: 60.2 ఎలా వస్తుంది?

ద్వారకానగర్ అభ్యర్థి:
మధ్యాహ్నం నుంచి పౌర గ్రంథాలయంలో కూర్చుని ఇదే లెక్కతో కుస్తీ పడుతున్నాను. ప్రభుత్వ రుణం జీడీపీలో 60 శాతం. వడ్డీ 7 శాతం, వృద్ధి 6 శాతం, లోటు 2 శాతం. వచ్చే ఏడాది నిష్పత్తి ఎంత? నాకు ఎన్ని రకాలుగా చేసినా 62.57 వస్తోంది. పుస్తకం వెనక 60.2 అని ఉంది. ఏ పుస్తకం తిరగేసినా నిర్వచనాలే తప్ప లెక్క చేసి చూపించినవాళ్లు లేరు. ఇది అచ్చుతప్పా, నా బుర్ర తప్పా? రేపు నమూనా పరీక్ష. దయచేసి త్వరగా చెప్పండి.

పొదుపరి:
ఏ లోటు?

ద్వారకానగర్ అభ్యర్థి:
లోటంటే లోటే కదండీ. బడ్జెట్ లోటు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ:
నాయనా, ఈ శాతాలు బట్టీ పట్టి ఏం లాభం? అప్పు ఎంత అన్నది కాదు, ఆ డబ్బు ఎక్కడికి పోయింది అన్నది అడగాలి. ఓడరేవు కట్టిన అప్పు వేరు, జీతాలకు చేసిన అప్పు వేరు. 1991లో దేశం బంగారం తాకట్టు పెట్టిన రోజుల్లో నేను కౌంటరులో ఉన్నాను. అప్పటి భయం మీ తరానికి తెలియదు. ముందు రెవెన్యూ లోటు గురించి, అంటే జీతాలు, వడ్డీల వంటి నిత్య ఖర్చులకు ఆదాయం చాలకపోవడం గురించి చదువుకోండి, నిష్పత్తుల సంగతి తర్వాత.

పొదుపరి:
1991 నాటిది విదేశీ మారకద్రవ్యం కొరత. ఈ లెక్కకు సంబంధం లేదు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
సంబంధం లేకుండా ఎలా పోతుంది? ఏళ్ల తరబడి లోటు పెంచుకుంటూ పోయినందుకే కదా అక్కడిదాకా వచ్చింది!

లెక్కల పంతులు:
ఆ చర్చ తర్వాత చేసుకుందాం. అభ్యర్థి గారూ, ప్రశ్నను ఉన్నదున్నట్టు పెట్టండి. 6 శాతం వృద్ధి స్థిర ధరల్లోనా (ధరల పెరుగుదల తీసేసి), ప్రస్తుత ధరల్లోనా (అది కలిపి)? వడ్డీ ఆ ఏటి రూపాయల్లో కడతారు కాబట్టి జీడీపీని కూడా ఆ ఏటి ధరల్లోనే తీసుకోవాలి.

ద్వారకానగర్ అభ్యర్థి:
'వాస్తవ వృద్ధి' అని ఉంది. చివర్లో ద్రవ్యోల్బణం 4 శాతం అని కూడా ఇచ్చారు. అప్పు లెక్కకు ధరలతో పనేముందని రాయలేదు. లోటు ముందు 'ప్రాథమిక' అని ఉంది.

పొదుపరి:
నేను అడిగింది అదే.

లెక్కల పంతులు:
మీరు వదిలేసిన ఆ రెండు ముక్కల్లోనే జవాబు ఉంది. జీడీపీ 100 అనుకోండి. రుణం 60, దానికి 7 శాతం వడ్డీ కలిస్తే 64.2. జీడీపీ 1.06 × 1.04, అంటే 1.1024 రెట్లు పెరిగి 110.24 అవుతుంది. 64.2ను 110.24తో భాగిస్తే 58.24 శాతం. దానికి ప్రాథమిక లోటు 2 కలపండి, 60.24. మీరు హారంలో 106 పెట్టారు, అందుకే 62.57 వచ్చింది. ద్రవ్యలోటులో, అంటే ప్రభుత్వం ఆ ఏడాది అప్పుతో పూడ్చుకునే మొత్తం లోటులో, వడ్డీ కూడా ఉంటుంది, ప్రాథమిక లోటులో ఉండదు. పాత రుణం మీద వడ్డీ మనం విడిగా వేశాం కాబట్టి ఇక్కడ ప్రాథమిక లోటే వాడాలి. లేకపోతే వడ్డీ రెండుసార్లు పడుతుంది.

గాజువాక వాసి:
6కు 4 కలిపితే 10 కదా? నాకు 60.36 వచ్చింది.

పొదుపరి:
కలపకూడదు, గుణించాలి.

గాజువాక వాసి:
మా శిక్షణ కేంద్రంలో కలపమనే చెప్పారు.

లెక్కల పంతులు:
ఉజ్జాయింపుకు పనికొస్తుంది. ఐచ్ఛికాల్లో 60.2, 60.4 రెండూ ఇచ్చినప్పుడు మాత్రం మార్కు పోతుంది.

ద్వారకానగర్ అభ్యర్థి:
60.2 వచ్చింది! కానీ వడ్డీ కన్నా వృద్ధి ఎక్కువైతే నిష్పత్తి తగ్గుతుందని నా నోట్సులో ఉంది. ఇక్కడ 7 కన్నా 10.24 ఎక్కువే. మరి 60 నుంచి 60.24కు ఎందుకు పెరిగింది?

లెక్కల పంతులు:
మంచి ప్రశ్న. ఆ నోట్సులో సగమే రాశారు. వృద్ధి 60ని 58.24కు దించింది, అంటే 1.76 తగ్గించింది. ప్రభుత్వం కొత్తగా 2 అప్పు చేసింది. ప్రాథమిక లోటును 1.76 దగ్గర ఆపి ఉంటే నిష్పత్తి 60 దగ్గరే ఉండేది. ఇదే తీరు ఏటా సాగినా అది హద్దు లేకుండా పెరగదు. నిష్పత్తి పెరిగేకొద్దీ వృద్ధి తగ్గించే భాగం కూడా పెరుగుతుంది, సుమారు 68 శాతం దగ్గర రెండూ సరిపోతాయి. వడ్డీ వృద్ధిని మించితే మాత్రం నిష్పత్తి పెరగకుండా ఉండాలంటే ప్రాథమిక మిగులు (వడ్డీ కాకుండా ఖర్చు కన్నా ఆదాయం ఎక్కువ) చూపించక తప్పదు. అమెరికా ప్రభుత్వ రుణం 1946లో జీడీపీలో 106 శాతం, 1974 నాటికి 25 శాతం లోపు. అంత అప్పూ తీర్చేశారని కాదు, జీడీపీయే అంతగా పెరిగింది, అందులో ధరల పెరుగుదలకూ వాటా ఉంది. మన 2020-21 దీనికి తలకిందులు. ప్రస్తుత ధరల్లో కూడా జీడీపీ తగ్గింది, అప్పు పెరిగింది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
ఇన్ని సూత్రాలు చెప్పి పరిమితి ఎంతో చెప్పరేం? ప్రభుత్వ అప్పుల పరిమితులను సమీక్షించిన ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో మొత్తం 60 అంది, కేంద్రానికి 40, రాష్ట్రాలకు 20. 2025-26 బడ్జెట్ అంచనాల్లో ఒక్క కేంద్రానిదే 56.1.

పొదుపరి:
ఇప్పుడు కేంద్రం పెట్టుకున్న లక్ష్యం 2031 మార్చి నాటికి 50, ఒకటి అటూ ఇటూ.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
చేరుకోలేని గీతను చెరిపి ఇంకోచోట గీయడాన్ని క్రమశిక్షణ అంటారా?

గాజువాక వాసి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. 2025 జనవరిలో మన విశాఖ ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు కదా, అది ఈ రుణంలోకి వస్తుందా? ప్లాంటు సొంత అప్పుల మాటేమిటి?

లెక్కల పంతులు:
ప్లాంటు అప్పులు సంస్థవి, ప్రభుత్వ రుణంలో కలపరు. కేంద్రం వాటా మూలధనంగా పెట్టే డబ్బు మాత్రం బడ్జెట్ నుంచి వెళ్తుంది, ద్రవ్యలోటులో చేరుతుంది.

ద్వారకానగర్ అభ్యర్థి:
నా లెక్క తేలింది. థాంక్సండీ. మిగతావి పరీక్ష అయ్యాక చదువుతాను.

గాజువాక వాసి:
మరి ప్రభుత్వ హామీ ఉన్న అప్పులు?

లెక్కల పంతులు:
హామీ ఇచ్చినంత మాత్రాన రుణం కాదు. సంస్థ చేతులెత్తేస్తే అవుతుంది.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
రాష్ట్రాలు కార్పొరేషన్ల పేరుతో తెచ్చి బడ్జెట్ నుంచి తీర్చేవి కూడా హామీలేనా? 2022 నుంచి కేంద్రం వాటిని రాష్ట్రాల రుణ పరిమితిలోనే లెక్కేస్తోంది. మరి తన సంస్థల విషయంలో...

పొదుపరి:
దానికి వేరే చర్చ పెట్టండి.