ఎన్‌పీఎమ్ కొత్త వెర్షన్‌తో ఇన్‌స్టాల్ ఆగిపోవడం న్యాయమేనా?

శ్రీను_బిల్డ్:
బిల్డ్ సర్వర్‌లో నోడ్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 14 తీసి 16 పెట్టారు. దాంతోపాటే, లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎమ్ 6 పోయి 8 వచ్చింది. మా కోడ్‌లో ఒక్క లైను మారలేదు, అయినా ఇన్‌స్టాల్ ఇరిజాల్వ్ ఎర్రర్‌తో (లైబ్రరీల వెర్షన్లు పొసగలేదని) ఆగిపోయింది. నిన్నటిదాకా నడిచినదాన్ని ఇలా ఆపడం అన్యాయం.

వాణి_జేఎస్:
మీ దగ్గర రియాక్ట్ (స్క్రీన్లు కట్టే లైబ్రరీ) 17 ఉండి, ఇంకేదో లైబ్రరీ రియాక్ట్ 16 మాత్రమే కావాలంటూ ఉంటుంది. చూడండి. ఎన్‌పీఎమ్ 3 నుంచి 6 దాకా దీనికి వార్నింగ్ ఇచ్చి వదిలేసేది. 2020 అక్టోబర్‌లో వచ్చిన 7 నుంచి పీర్ డిపెండెన్సీలను (ఒక లైబ్రరీ తన పక్కన ఉండాలని కోరే ఇతర లైబ్రరీలు, వాటి వెర్షన్లు) తనే ఇన్‌స్టాల్ చేస్తోంది. రెండు షరతులూ కుదరనప్పుడు ఆగకుండా ఏం చేయాలి?

కిరణ్99:
ఇన్‌స్టాల్ కమాండ్‌కు లెగసీ పీర్ డెప్స్ ఫ్లాగ్ (ఆప్షన్) పెట్టండి బ్రో, అయిపోతుంది.

వాణి_జేఎస్:
అవదండి. ఆ ఫ్లాగ్‌తో పీర్ డిపెండెన్సీలను అసలు పట్టించుకోదు. రేపు నిజంగా పొసగనిది వచ్చినా మీకు తెలియదు.

శ్రీను_బిల్డ్:
ఫ్లాగ్ సంగతి తర్వాత. మేజర్ వెర్షన్ మారడం నేను కోరుకున్నది కాదు, నోడ్‌తో వచ్చి పడింది. నోడ్ 14కు సపోర్ట్ 2023 ఏప్రిల్‌తో ఆగిపోయింది, మారక తప్పదు.

హరిత:
లాక్ ఫైల్ (ఇన్‌స్టాల్ అయిన కచ్చితమైన వెర్షన్లను ఎన్‌పీఎమ్ రాసిపెట్టే ఫైల్) గురించి ఎవరూ మాట్లాడరేం? టీమ్‌లో కొందరు ఎన్‌పీఎమ్ 6, కొందరు 8 వాడితే ఆ ఫైల్‌ను 8 వాడేవారిది ఫార్మాట్ వెర్షన్ 2గా రాస్తుంది, 6 వాడేవారిది మళ్లీ 1 చేస్తుంది. రివ్యూలో డిఫ్ (ఏం మారిందో చూపే జాబితా) చదవలేకపోతున్నాం.

శ్రీను_బిల్డ్:
రిలీజ్ రోజు రాత్రంతా కూర్చున్నది నేను. కోడ్ మారకుండా బిల్డ్ ఎలా పోయిందని క్లయింట్ అడిగితే మా మేనేజర్ నా వైపు చూశాడు. 'ఆగడమే సరైనది' అనడం మీకు తేలికే వాణి గారూ.

వాణి_జేఎస్:
తేలికా? నేనొక చిన్న లైబ్రరీ చూసుకుంటున్నాను, పైసా రాదు. టెస్ట్ చేసింది రియాక్ట్ 16తోనే కాబట్టి 16 అని రాశాను. వార్నింగ్ వచ్చినన్నాళ్లూ ఒక్కరూ అడగలేదు. ఎర్రర్ మొదలయ్యాక మాత్రం 'ఇంకా ఎప్పుడు సరిచేస్తారు' అంటూ గద్దింపులు. 2015 నుంచి 2020 దాకా వార్నింగ్ ఇచ్చారు కదా, చాలలేదా?

శ్రీను_బిల్డ్:
ఆ వార్నింగ్‌లో ఉన్నదేమిటి? పీర్ డిపెండెన్సీలు మీరే ఇన్‌స్టాల్ చేసుకోవాలని. ముందుముందు ఇన్‌స్టాల్ ఆగిపోతుందని అందులో ఎక్కడా లేదు.

వాణి_జేఎస్:
అది నిజమే, ఆ మాట ఉండాల్సింది. అయినా తగాదాను దాచిపెట్టమంటే ఒప్పుకోను. ఎన్‌పీఎమ్ 8.3 నుంచి ఓవర్‌రైడ్స్ అనే సెట్టింగ్ ఉంది. ఆ ఒక్క లైబ్రరీకి మీ రియాక్ట్ వెర్షనే వాడమని ప్యాకేజ్ జేసన్‌లో (ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీలు రాసే ఫైల్) రాయండి. మిగతా చెకింగ్ అలాగే ఉంటుంది.

శ్రీను_బిల్డ్:
రాస్తాను. రాశాక ప్రతి స్క్రీనూ మళ్లీ టెస్ట్ చేయాలి. మెయింటెనెన్స్ కాంట్రాక్టులో అప్‌గ్రేడ్‌కు గంటలు లేవు. మీకు జీతం లేదు, నాకు టైమ్ లేదు. ఈ పని ఎవరి ఖాతాలో వేయాలో చెప్పండి.