రాయడం ఆపేశాడు, క్లాసులకూ రావట్లేదు: ఇది డిప్రెషనా, బద్ధకమా?

ప్రశ్న (హాస్టల్ సీనియర్): మా జూనియర్ బీటెక్ రెండో ఏడాది. కథలు బాగా రాస్తాడు. నెల దాటింది, పెన్ను ముట్టలేదు. తెల్లారుజామున మూడింటికే మెలకువ, మధ్యాహ్నం దాకా మంచం దిగడు, మెస్‌కు రాడు. అటెండెన్స్ 68 శాతానికి పడింది. మందులు వాడితే రాత పోతుందని వాడి భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?

చినవాల్తేరు (ఇదీ, కింద జవాబిచ్చిన పేర్లూ ఫోరం మారుపేర్లు): బద్ధకస్తుడికి మూడింటికి మెలకువ రాదండీ. డిప్రెషన్ ఎంతుందో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది. గత రెండు వారాల సంగతే అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. 10, ఆపైన వస్తే డాక్టరుకు చూపించాలి. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏం వచ్చినా, మొత్తం తక్కువే ఉన్నా, ఆ రోజే మాట్లాడాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే 108.

మందులచీటీ: ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12 చూపిస్తే మంచిది. థైరాయిడ్ తగ్గినా మనిషి ఇలాగే అయిపోతాడు.

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు మొదటి వారం వికారం, కంగారు పెట్టొచ్చు. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. చాలామంది పదో రోజుకే "పనిచేయట్లేదు" అని పారేస్తారు. ఇంకొందరు తేరుకోగానే ఆపేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పాతికేళ్లలోపు వాళ్లను మొదటి వారాల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలి.

ఇక రాత సంగతికొస్తే, ఈ మందులతో కొందరికి మనసు మొద్దుబారినట్టు ఉంటుంది, నిజమే. అప్పుడు డోసో మందో మారుస్తారు. అసలు ముఖ్యమైనది ఇంకోటి. నిద్రలేకుండా, అలసట తెలియకుండా, వారం పాటు కట్టలకొద్దీ రాసేసిన రోజులు ఇంతకుముందు ఉన్నాయా? ఉంటే తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. రచయితలు దాన్ని "మంచి ఊపు" అనుకుని చెప్పరు. అది బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) అయితే డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు.

ఐదులైన్లు: రాత్రిపూట "నేనెందుకిలా" అని డైరీ రాయనివ్వకండి, అది పుండు గోక్కోవడమే. పగలు ఒకే వేళకు పది నిమిషాలు, ఐదు లైన్లు, కంటికి కనిపించేదాని మీద: మెస్‌లో సాంబారు బకెట్టు, బస్టాపు. రాసింది బాగుండాలనేం లేదు. మూడ్ వచ్చాక రాద్దామంటే అది రాదు.

జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీ అయితే అటెండెన్స్ 65 నుంచి 75 మధ్య ఉన్నవాళ్లు మెడికల్ సర్టిఫికెట్ మీద కండోనేషన్ (తక్కువైన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 దిగితే లేదు. వాడికి మిగిలింది మూడు శాతమే కాబట్టి ఈ వారమే ఓపీకి తీసుకెళ్లి, ఆ చీటీ దాచండి.

హాస్టల్ సీనియర్: ఇంట్లో చెప్పాలా?

చినవాల్తేరు: పద్దెనిమిది నిండితే వాడిష్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం ఉంటే మాత్రం ఆగకండి. హైదరాబాద్ అయితే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీకి పొద్దున్నే వెళ్లండి, మీరూ వెంట ఉండండి.