క్వియర్ జాజ్ కళాకారుల సెషన్‌కి ఇంకా ఎవరిని చేర్చాలి?

క్వియర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ వంటి) జాజ్ కళాకారుల సంగీతంతో 60 నిమిషాల లిజనింగ్ సెషన్ తయారు చేస్తున్నాను, 45 నిమిషాల దగ్గర ఆగిపోయాను. డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్‌కి 1939 నుంచి సంగీతం రాసిన బిల్లీ స్ట్రేహార్న్ (ఆ రోజుల్లోనే గేనని దాచుకోకుండా బతికాడు, ఆయన లేకుండా ఈ సెషన్ ఊహించలేను), పియానిస్ట్ ఫ్రెడ్ హెర్ష్, వైబ్రాఫోన్ వాయించిన గ్యారీ బర్టన్, గాయని, పియానిస్ట్ అయిన ప్యాట్రీషియా బార్బర్ ఉన్నారు. మహిళ ఒక్కరే, ట్రాన్స్ కళాకారులు అసలు లేరు, ఇది నాకు నచ్చట్లేదు. స్ట్రీమింగ్ యాప్‌లలో వెతికితే అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, కొన్ని ప్లేలిస్టుల్లోనైతే పుకార్లని బట్టి చేర్చినవాళ్లు కూడా ఉన్నారు. తమంతట తాము చెప్పుకోనివాళ్లని నేను పెట్టను. ఆల్బమ్‌లు కొని అండగా నిలబడాలని ఉంది కాబట్టి ఇప్పుడు వాయిస్తున్నవాళ్లే కావాలి. సాక్సఫోన్, ట్రంపెట్, బాస్ లేదా డ్రమ్స్ వాయించే అలాంటి క్వియర్ మహిళలు, ట్రాన్స్ కళాకారులు మీకు ఎవరు తెలుసు?