సమస్యాపూరణం: తాత కన్ను పొడిచి ధన్యుఁడాయె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా, «తాత కన్ను పొడిచి ధన్యుఁడాయె». మన పురాణాల్లోకి వెళ్లొద్దు, ఐర్లండ్ కెల్టిక్ దేవతల కథల్లోంచే పూరించండి.

పద్యపిపాసి: గురువుగారూ నమస్తే, లూగు అనే వీరుడు చూపుతోనే చంపే తన తాత బాలర్‌ని కూల్చిన కథతో నా ప్రయత్నం

చూపు సోకెనేని సుభటులఁ గాల్చెడి
బాలరనెడి దైత్యపాలకుండు
లూగు రాయి రువ్వి లోచనమ్మును జీల్చి
తాత కన్ను పొడిచి ధన్యుఁడాయె

నిర్వాహకుడు: యతులన్నీ బాగా కుదిరాయండి. కానీ రెండో పాదంలో «పాలకుండు» గాల్లో వేలాడుతోంది, దానికి క్రియ లేదు, «దైత్యపాలుఁ గూల్చి» అంటే సరిపోతుంది. లోచనం అన్నాక మళ్లీ కన్ను ఎందుకు, మూడో పాదం «లూగు రాయి రువ్వి లోకమ్ముఁ గాపాడి» అని మార్చి చూడండి.

డబ్లిన్ తెలుగోడు: ఇక్కడ లూ అనే పలుకుతారన్నా, చివర గ వినపడదు, పాత ఐరిష్‌లో అలాంటి ధ్వని ఉండేది కాబట్టి పద్యంలో ఓకే. ఆగస్టు నెలని ఇప్పటికీ లూనసా అంటారు, ఆయన పేరు మీదే.

గోదారి అక్క: తాతని చంపితే ధన్యుడెలా అవుతాడు తమ్ముడూ, పద్యంలో కారణం కనపడాలి కదా? దేవతలకీ బాలర్ సేనకీ జరిగిన మోయ్‌టుర యుద్ధంలో బాలర్ అప్పటికే దేవతల రాజు నువాడాని చంపేశాడు. వాడి కనురెప్ప ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి, ఎత్తితే ఎదుటి సైన్యం నిలవలేదు. సరిగ్గా రెప్ప లేస్తుండగా లూ వడిసెలతో రాయి కొడితే కన్ను తల వెనక్కి దూసుకుపోయి వాడి సొంత సేన వైపు తిరిగింది, వాడు మీద పడి 27 మంది చచ్చారు. ఇంత ఉంటే «లోకమ్ముఁ గాపాడి» అని ఒక్కమాటతో సరిపెట్టేస్తే నాకు తృప్తిగా లేదు. నా పూరణ, కారణం ముందునుంచీ చెప్తూ:

మనుమఁడె తన పాలి మారక మగునంచు
గుండె రాయి చేసి కూతు నుంచె
గోపురమున; నైనఁ గొడుకుఁ గన్నది యామె;
తాత కన్ను పొడిచి ధన్యుఁడాయె

పద్యపిపాసి: అక్కా అచ్చం కంసుడి చెరసాలే! మూడో పాదం విరుపు చాలా నచ్చింది.

నిర్వాహకుడు: అవునమ్మా, బాగుంది, కాకపోతే చివరి పాదానికి కర్త కనపడట్లేదు, కొడుకు అక్కడ కర్మగా ఉన్నాడు, వాడే పొడిచాడని మనమే ఊహించుకోవాలి. ఇంకోటి, రాయి విసిరితే అది పొడవడం ఎలా అవుతుంది? ఎవరూ పట్టించుకోలేదు ఈ మాట.

డబ్లిన్ తెలుగోడు: ఆ చిక్కు నేను విప్పుతా గురువుగారూ. అక్క చెప్పిన గోపురం కథ పాత యుద్ధకథలోది కాదు, 19వ శతాబ్దంలో ఐర్లండ్ వాయవ్య తీరంలోని టోరీ దీవి ప్రాంతంలో జనం నోట విని రాసుకున్నది. అందులో వడిసెల లేదు. మనవడు తండ్రి తోడబుట్టిన కమ్మరి దగ్గర పెరుగుతాడు, బాలర్ ఆ కొలిమి దగ్గరికే వచ్చి ఆ పిల్లాడి నాన్నని చంపింది తనేనని గొప్పలు పోతుంటే కుర్రాడు నిప్పుల్లోంచి కడ్డీ లాగి ఆ కంట్లో దించేస్తాడు. «పొడిచి» అన్న మాట అక్కడే అతుకుతుంది.

కొలిమిలోనఁ గాలి కుములు నినుప కడ్డి
చేతఁ బట్టి లూగు చెంతఁ జేరి
నిప్పు చూపు వాని నిప్పుతోనే యార్చి
తాత కన్ను పొడిచి ధన్యుఁడాయె

గోదారి అక్క: నిప్పుని నిప్పుతో ఆర్పడం! ఈ వారానికి ఇదే తమ్ముడూ, నా పద్యం నేను మళ్లీ రాసుకుంటా.

నిర్వాహకుడు: నినుప దగ్గర నుగాగమం, అంటే కుములు, ఇనుప మధ్య వచ్చే న, కూడా సరిగ్గా పడింది. మూడో పాదం రెండుసార్లు పైకి చదువుకున్నా.