"అడిగెదనని కడువడిఁ జను": అలంకారం పేరు రాస్తే విశ్లేషణ అయిపోతుందా?

ప్రశ్న: హైస్కూల్లో తెలుగు చెబుతాను. గజేంద్రమోక్షంలోని "అడిగెదనని కడువడిఁ జను" పద్యం బోర్డు మీద రాసి, ఇందులో మీకు కనిపించిన అందం గురించి రాయండి అంటే క్లాసంతా ఒకే జవాబు: "ఇందులో వృత్త్యనుప్రాసాలంకారం ఉంది. పోతన శైలి మధురంగా ఉంది." గైడు వాక్యమే. సొంతంగా ఆలోచించి రాయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సందేహం. "మగుడ నుడుగడు" అనాలా, "మగడు నుడువడు" అనాలా? రెండూ విన్నాను.

జవాబు: నమస్తే మేడమ్. అందరికీ వీలుగా ఉంటుందని ముందు పద్యం పెడుతున్నాను.

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు, నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

సందర్భం మీకు తెలిసిందే. మొసలి పట్టులో చిక్కిన ఏనుగు మొర విని విష్ణువు ఉన్నపళంగా బయల్దేరాడు. చేతిలో ఉన్న లక్ష్మీదేవి కొంగు కూడా వదల్లేదు. ఎక్కడికి వెళ్తున్నాడో ఆమెకు తెలియదు. వెంట వెళ్తూ ఆమె పడే అవస్థే ఈ పద్యం.

అలంకారం గుర్తుపట్టడం మంచిదే. వృత్త్యనుప్రాస అంటే ఒకే హల్లు మళ్లీమళ్లీ రావడం, ఇక్కడ అది డకారం. పేరు పెట్టాక ఆగిపోవడం దగ్గరే వస్తోంది చిక్కు. ఆ డకారాలు ఈ పద్యంలో ఏం పని చేస్తున్నాయి అన్న ప్రశ్న వేసే దాకా విశ్లేషణ మొదలవ్వదు. అందుకని నేను తాత్పర్యం ముందు చెప్పను. తాత్పర్యం చేతికి రాగానే పిల్లలు దాన్ని పట్టుకుని పద్యాన్ని వదిలేస్తారు. వెడవెడ అంటే మెల్లమెల్లగా, సిడిముడి అంటే తొట్రుపాటు, జడిమ అంటే కదల్లేనితనం, ఉడుగు అంటే ఆగు. ఈ నాలుగు మాటలు చెప్పి వదిలేస్తే చాలు, మిగతాది వాళ్లే లాగుతారు.

మొదట క్రియల కింద గీత గీయించండి. చను, నడ యుడుగు, అడుగిడు, అడుగిడదు. వెళ్తుంది, ఆగుతుంది, అడుగేస్తుంది, అడుగెయ్యలేకపోతుంది. పద్యంలో జరిగే కథంతా ఇంతే. ఒక అమ్మాయిని ముందుకు పిలిచి, మీరు పద్యం చదువుతుంటే దాని ప్రకారం నడవమనండి. మొదటి పాదానికి గబగబా నాలుగడుగులు వేస్తుంది, రెండో పాదం చివర ఠక్కున ఆగుతుంది. నాలుగో పాదంలో కాలు ఎత్తాలా దించాలా తెలియక తికమక పడుతుంది. చూస్తున్న పిల్లలకు "తడబడ" అన్న మాట అక్కడే అర్థమైపోతుంది.

తర్వాత, ఆమె మనసులో మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకమనండి. "అని" అన్నది గుర్తు. "అడిగెద నని" ఒకటి, "నుడుగఁడని" రెండోది. రెండూ పద్యం మొదటి సగంలోనే ఉన్నాయి. రెండో సగంలో ఒక్క "అని" కూడా లేదు, అక్కడ కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. అడగాలి, అడిగితే చెప్పడేమో అన్న ఆలోచన అయిపోయాక ఆ సందిగ్ధమంతా ఒంట్లోకి దిగింది. ఈ విషయం ఏ పిల్లాడైనా తనంతట తాను కనిపెట్టగలడు. దీనికి సంస్కృతం రానక్కర్లేదు, అలంకారశాస్త్రం అక్కర్లేదు.

ఇప్పుడు డకారాల దగ్గరకు రండి. లెక్క మీరు చెప్పకండి, వాళ్లతోనే సున్నాలు చుట్టించండి. పద్యంలో 62 అక్షరాలు, అందులో 23 డకారాలు. అసలు విశేషం మూడో పాదంలో ఉంది: వె-డ-వె-డ-సి-డి-ము-డి-త-డ-బ-డ. ఒకటి విడిచి ఒకటి డకారమే, పాదం పొడుగునా. అంత క్రమంగా మిగతా ఏ పాదంలోనూ లేదు. ఆమె తడబడేది సరిగ్గా ఆ పాదంలోనే. గణవిభజన కూడా ఇక్కడ పనికొస్తుంది. ఎలాగూ మార్కుల కోసం చేస్తారు కదా, ఈసారి అర్థం కోసం చేయించండి. ఇది కంద పద్యం. 62 అక్షరాల్లో గురువులు (పొడుగ్గా పలికే అక్షరాలు) రెండే: "యుడుగున్"లో గున్, "ఎడలన్"లో లన్. కందంలో రెండో పాదం, నాలుగో పాదం చివర గురువు ఉండి తీరాలి కాబట్టి అవి తప్పవు. తక్కినవన్నీ లఘువులే, అంటే పొట్టిగా పలికేవే. సర్వలఘు కందం అంటారు దీన్ని. పొట్టి పొట్టి అడుగులు తప్ప ఒక్క పెద్ద అంగ లేదు!

"వినసొంపు కోసం అలా రాశాడు మేడమ్" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఇదే కథలోని "అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల" పక్కన పెట్టి చదివించండి. అక్కడ దీర్ఘాలు, పొడుగాటి సమాసాలు. చూపు నగరం నుంచి మేడకి, మేడ పక్క తోటకి, తోటలో కొలనుకి తాపీగా వెళ్తుంది. అదీ వినసొంపుగానే ఉంది, ఇదీ వినసొంపుగానే ఉంది. మరి రెండూ ఒకేలా ఎందుకు లేవు? ఈ ప్రశ్నకు రాసే జవాబు ఏ గైడులోంచీ దించలేరు.

ఇంకొక్క మాట. పద్యం "అడిగెద"తో మొదలై "అడుగిడు" దగ్గర ముగుస్తుంది. ప్రశ్న అడగడం, కాలితో అడుగు వేయడం, రెండూ తెలుగులో అడుగే. నోటితో అడగలేని మనిషి చివరికి కాలితో కూడా అడుగు వేయలేకపోయింది. ఇది మాత్రం పిల్లలకు మీరు ముందు చెప్పేయకండి, దయచేసి. వాళ్లలో ఒకరికి తట్టినప్పుడు ఆ క్లాసులో కలిగే సంతోషం వాళ్లకే దక్కాలి.

ఇవన్నీ అయ్యాక రాయించండి. "పద్యం బాగుంది" అన్న వాక్యం ఎవరు రాసినా "ఏ మాట దగ్గర?" అని అడగండి. ఆ మాట ఎత్తి రాశాక "ఆ మాట లేకపోతే ఏం పోతుంది?" అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఉంటే ఆ పేరా నిలబడుతుంది. ఉదాహరణకు: "మూడో పాదంలో డకారం ఒక అక్షరం విడిచి ఒకటి వస్తుంది. చదివేటప్పుడు నాలుక కూడా తడబడుతుంది. లక్ష్మీదేవి తొట్రుపాటు మనకు చెప్పడమే కాకుండా మన నోటితోనే చేయిస్తున్నాడు కవి." మూడు వాక్యాలే, కానీ సొంత చదువు. ఇందులో అలంకారం పేరు లేకపోయినా నేను పూర్తి మార్కులు వేస్తాను.

"మగుడ" అనాలా, "మగడు" అనాలా అని పాఠం (పద్యంలోని మాటల రూపం) గురించి అడిగారు. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. "దను మగుడ నుడుగఁడని", "దను మగడు నుడువడని" రెండూ కందంలో చక్కగా ఇముడుతాయి. కాబట్టి అర్థం చూడాలి. మగుడ అంటే తిరిగి. అడిగితే తిరిగి మాట చెప్పడు అని. నాకు మగుడే ఇష్టం. పద్యమంతా వెతకండి, లక్ష్మి పేరు లేదు, విష్ణువు పేరు లేదు, "తను" తప్ప మనుషుల్ని చెప్పే మాటే లేదు. అంత హడావుడిలో, అంత గాభరాలో పేర్లకు చోటు లేదు. "మగడు" అని రాగానే ఆ బిగువు కాస్త సడలుతుంది. ఒప్పుకోనివాళ్లు కూడా ఉంటారు. పిల్లల్ని రెండు జట్లు చేసి ఇదే వాదించమనండి. పాఠాంతరం ఎంచుకోవడం పండితుల పనే అనుకోనక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్లలకీ చేతనవుతుంది.

కింద ఒక మిత్రుడు రాశారు: "మా క్లాసులో ఒక అమ్మాయి, అంతటి దేవికి కూడా భర్తని అడగడానికి భయమేనా, నాకీ పద్యం నచ్చలేదు అంది. ఏం చెప్పాలో తోచలేదు."

ఆ అమ్మాయిని మెచ్చుకోండి సార్. పాఠ్యపుస్తకాల్లో "అవగాహన – ప్రతిస్పందన" అని శీర్షిక పెట్టుకున్నాం కదా, ప్రతిస్పందన అంటే ఆ అమ్మాయి చేసిందే. నచ్చితీరాలని ఎక్కడా లేదు. అయితే అభ్యంతరానికి కూడా పద్యంలో ఆధారం చూపించమనండి. కోప్పడతాడని పద్యంలో ఉందా? బదులు చెప్పడు అని ఉంది. రెంటికీ తేడా ఉంది కదా. దీనికి ముందు వచ్చే ఒక పద్యంలో ఆమె ఊహలు చూపించండి: దిక్కులేని ఆడవాళ్ల మొర విన్నాడా, దొంగలు వేదాలు ఎత్తుకుపోయారా, రాక్షసులు స్వర్గం మీదికి దండెత్తారా, భక్తుల్ని ఎవరైనా ధిక్కరించారా. ఇన్ని ఆలోచించింది, ఏనుగు సంగతి మాత్రం ఆమె ఊహకు అందలేదు. మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఇదంతా చదివాక కూడా ఆ అమ్మాయి తన మాట మీదే ఉంటే ఉండనివ్వండి, అలాగే రాయమనండి.

ఇది వ్యాసుడిలో ఉందా అని కూడా ఒకరు అడిగారు. లేదండీ. సంస్కృత భాగవతం ఎనిమిదో స్కంధంలో విష్ణువు చక్రం పట్టుకుని గరుత్మంతుడి మీద వచ్చేస్తాడు. కొంగు పట్టుకోవడం, లక్ష్మి తడబాటు పోతన కల్పనలు. ఇంటర్ పిల్లలైతే రెండూ పక్కపక్కన పెట్టి, పోతన ఏం చేర్చాడు, ఎందుకు చేర్చి ఉంటాడు అని రాయించవచ్చు.

ఈ పద్యం అయ్యాక మేడమ్, ఇదే కథలో విష్ణువు బయల్దేరిన తీరు చెప్పే "సిరికిం జెప్పఁడు" పద్యం తీసుకోండి. చివరి మాట "గజప్రాణావనోత్సాహియై" (ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహంతో) బోర్డు మీద రాయకుండా ఖాళీ వదలండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు... ఇన్ని "డు"లు వరసగా విన్నాక, ఈ మనిషి ఇవేవీ ఎందుకు చేయడం లేదో ఒక్కొక్కరినీ ఊహించి రాయమనండి. రాసినవి చదివించాక ఆ ఖాళీ నింపండి.