పాత జపనీస్ తోటని బాగుచేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తచిగురు:
మేం తీసుకున్న ఇంటి వెనక ఎప్పుడో వేసిన జపనీస్ తోట ఉంది, ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. కొలనులో నీళ్లు నిలవట్లేదు, రాతి లాంతరు ఒరిగితే ఎవరో సిమెంటు పెట్టి అతికించారు, వెదురు దడి పుచ్చిపోయింది, దంతెతో అలల్లా గీతలు గీసే కంకర మీదంతా నాచు, పైన్ చెట్లు అడ్డదిడ్డంగా పెరిగాయి. కాంట్రాక్టర్ అన్నీ పీకేసి కొత్తగా వేద్దామంటున్నాడు. నాకు మాత్రం మొదట ఎలా ఉండేదో అలాగే కావాలి. ముందు ఏం చేయాలి?

రాతిగుండె:
దయచేసి రాళ్ల జోలికి వెళ్లనివ్వకండి! ఆ తోటలో రాయి అడుగు భాగం మట్టిలోకి దిగి ఉంటుంది, అందుకే అక్కడే పుట్టినట్టు కనిపిస్తుంది. ఒకసారి పెకలిస్తే ఆ లోతు, ఆ వాలు మళ్లీ రావడం చాలా కష్టం. ‘సకుతేయికి’ అనే 11వ శతాబ్దపు జపనీస్ తోటల గ్రంథం కూడా రాయి ఏం కోరుతోందో దాన్నిబట్టి నడుచుకోమంటుంది, సహజంగా నిలువుగా ఉన్న రాయిని పడుకోబెట్టొద్దని గట్టిగా హెచ్చరిస్తుంది. కదపక తప్పదంటే ముందు నాలుగువైపులా ఫోటోలు తీసి, ఎంత లోతులో ఉందో కొలిచి రాసిపెట్టుకోండి. నాచు మాత్రం మొత్తం తీసేయండి.

నీడపట్టు:
నాచు విషయంలో నేను ఒప్పుకోను. క్యోటోలోని సైహోజి అనే బౌద్ధాలయం తోటని 1339లో ముసో సోసెకి అనే జెన్ సన్యాసి తీర్చిదిద్దారు, కానీ ఇవాళ అందరూ చూడ్డానికి వెళ్లే ఆ నాచు ఆయన వేసింది కాదు, తర్వాత చూసేవాళ్లు లేని కాలంలో దానంతటదే పట్టింది. ఇప్పుడక్కడ దాదాపు 120 రకాలున్నాయంటారు. దాన్ని గీకేసి సోసెకి కాలానికి తీసుకెళ్దామని ఎవరైనా అంటారా? కాబట్టి మీరు ఏ కాలం నాటి తోట కావాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. నా సలహా అయితే చెట్ల నీడలో, రాళ్ల మొదట్లో ఉన్న నాచు ఉంచేయండి, కంకర ఉన్నచోట మాత్రం తీయండి. కొత్త కంకర పోయాల్సొస్తే నున్నటి గులకరాళ్లు వద్దు, గీతలు నిలవవు. అంచులు పదునుగా ఉండే సన్నటి గ్రానైట్ కంకర కావాలి.

కొత్తచిగురు:
ఈ కోణం నాకు తట్టనే లేదు, థాంక్సండీ. నీడలో ఉన్న నాచు ఉంచేస్తాను. మరి పైన్ చెట్లు ఈ సీజన్‌లోనే గట్టిగా నరికించేయొచ్చా? లాంతరు సంగతి?

కొమ్మకత్తెర:
అస్సలు వద్దు! సూదులు (పైన్ ఆకులు) లేని ముదురు కొమ్మ దగ్గర నరికితే పైన్ మళ్లీ చిగురించదు, ఆ కొమ్మ పోయినట్టే. రెండు మూడేళ్లు పెట్టుకుని కొంచెం కొంచెం పలచన చేయండి. వసంతంలో లేత మొగ్గల్ని వేళ్లతో తుంచాలి, శరదృతువులో పాత సూదుల్ని చేత్తో లాగేయాలి. ఓపిక కావాలి కానీ ఆ చెట్లకి ఆ ఆకారం వచ్చేది దానివల్లే.

లాంతరుకి అసలు సిమెంటే అక్కర్లేదు, ముక్కలు ఒకదాని మీద ఒకటి బరువుతోనే నిలబడతాయి. మెల్లగా ఉలితో గీకి తీయించి, కింద నేల బాగా దిమ్మిస కొట్టించి, మళ్లీ పేర్చండి.

దడి గురించి బాధపడకండి, వెదురు దడిని కొన్నేళ్లకోసారి మార్చడం జపాన్‌లోనూ మామూలే. కాకపోతే పాతది పారేసేముందు తాడు ముడులు ఎలా వేశారో దగ్గర నుంచి ఫోటో తీయండి, కొత్తదానికి నల్ల రంగు వేసిన తాటిజాతి నారతాడు వాడండి, ప్లాస్టిక్ వైరు వద్దు.

కొలను నిండా నీళ్లు పెట్టి, పైన నీళ్లొచ్చే దారి కట్టేసి వదిలేయండి. ఎక్కడిదాకా దిగి ఆగితే ఆ మట్టానికే చుట్టూ పగులు వెతకండి, మొత్తం తవ్వాల్సిన పని ఉండకపోవచ్చు.